రాక్ సంగీత కథ — ఏడవ ప్రకరణము: ఆబీ రోడ్డు ప్రబంధములు

మిసిసిపి తీరపు పత్తిచేలలో పుట్టి, చికాగో నగరమునకు వలసపోయి, అచట విద్యుద్గిటారు చేతబట్టిన బ్లూస్ సంగీతము అట్లాంటిక్ మహాసముద్రమును దాటి లివర్‌పూల్, లండన్ నగరముల యువకుల చెవిని బడిన వృత్తాంతమును గత ప్రకరణమున చెప్పియుంటిని. ఆ యువకులు తాము విన్నదానిని అనుకరించు దశను దాటి, నలువది నిమిషములపాటు ఏకసూత్రమున సాగు దీర్ఘరచనలను ఎట్లు నిర్మింప నేర్చిరో ఇప్పుడు చెప్పవలసియున్నది. అందులకై పాఠకులను ఒక గృహమునకు తోడుకొని పోయెదను.

లండన్ నగరమున, క్రికెట్టు ప్రియులకు చిరపరిచితమైన లార్డ్స్ మైదానమునకు కొలది దూరముననే, సెయింట్ జాన్స్ వుడ్ అను పేట కలదు. అచట ఆబీ రోడ్డున మూడవ నంబరు గల తెల్లని మేడ వీధినుండి చూచువారికి ఏ వైద్యుడో న్యాయవాదియో కాపురముండు ఇల్లువలె కనబడును. దాని వెనుక తోటలో కట్టిన విశాలమైన సంగీతశాలలు దారిన పోవువారి కంట బడవు. ఈ ఇంటిని 1929లో గ్రామఫోను కంపెనీ వారు కొనిరి. బాకా ముందు చెవియొగ్గి కూర్చున్న కుక్క బొమ్మతో మన పెద్దల ఇండ్లలో తిరిగిన ప్లేట్లు ఈ కంపెనీ వారివే. ఆ ప్లేట్లకు ముడిసరుకైన లక్క చాలవరకు ఛోటానాగపూరు మొదలైన మన అడవిసీమల నుండియే ఎగుమతి యగుచుండెడిది గనుక, ఆంగ్లేయుల గానమును మన లక్కయే మోసినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ ప్రకరణమున నేను ప్రతిపాదింపదలచిన విషయ మిది: మన అలంకారికులు ముక్తకమునకును ప్రబంధమునకును చెప్పిన భేదమే విడిపాటకును ఆల్బమునకును గలదు. ముక్తకము తన రసమును తనలోనే నింపుకొని, ముందువెనుకల అపేక్ష లేక నిలుచును. ప్రబంధమున ఒక పద్యపు సొగసు దాని ముందరి వచనము వలనను, వెనుకటి పద్యము వలనను ఇనుమడించును. సంధి యెచ్చట, ఆశ్వాసాంత మెచ్చట అను విచారము కవికి తప్పదు. ఆల్బము పేర వెలువడినవానిలో పెక్కులు చాటుపద్య సంపుటముల వంటివే. ప్రబంధ మనదగినవి కొన్ని మాత్రమే. ఆ కొన్నింటిలోను నాకు ప్రాణప్రదములైనవి ఈ ఒక్క ఇంటనే పుట్టుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. ఆ ఇంటి పనివారి విద్యయు, అచటి యంత్రములును, గాయకులతో సమానముగా ఆ రచనలయందు పాలుపంచుకొన్నవి.

ఈ ఇంటి పూర్వచరిత్ర శాస్త్రీయ సంగీతముతో కూడినది. 1931లో గ్రామఫోను కంపెనీయు కొలంబియా కంపెనీయు ఏకమై ఇ.ఎం.ఐ. అను సంస్థగా ఏర్పడెను. ఆ యేటి నవంబరులో సర్ ఎడ్వర్డ్ ఎల్గార్ లండన్ సింఫనీ వాద్యబృందమును నడపగా ఈ స్టూడియోకు ప్రారంభోత్సవము జరిగెను. మరుసటి యేట పదునారేండ్ల బాలుడగు యెహూదీ మెనూహిన్, వృద్ధుడైన ఎల్గార్ సమక్షమున, ఆయన రచించిన వయొలిన్ కన్సర్టోను ఇచటనే రికార్డు చేసెను. మెనూహిన్ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. నలువదిమూడేండ్ల పిమ్మట అతడు ఈ కథలోనికి మరల వచ్చును. అలాన్ బ్లుమ్లైన్ అను ఇంజనీరు, రెండు చెవులకును వేర్వేరుగా ధ్వనిని అందించి శ్రోతకు వాద్యముల స్థానభేదమును గూడ స్ఫురింపజేయు విధానమునకు, నేడు మనము స్టీరియో అని వ్యవహరించుదానికి, 1931 డిసెంబరులో పేటెంటు కోరెను. 1934లో సర్ థామస్ బీచమ్ మొజార్టు సింఫనీని ఈ శాలలో అభ్యసించుచుండగా ఆ విధానమున రికార్డు చేసి చూపెను. బ్లుమ్లైన్ 1942లో యుద్ధకాలపు రాడారు పరీక్షలలో విమానము కూలి మరణించెను. స్టీరియో ప్లేట్లు అంగడికి వచ్చుటకు అటుపిమ్మట పదునైదేండ్లు పట్టెను. తాను పూన్చిన రథముపై ఊరేగినవారిని ఆ మహనీయుడు చూడలేకపోయెను గదా అని నేను ఆ ప్లేట్లను వినునపు డెల్ల చింతిల్లుదును.

లక్క ప్లేటునకు ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల కాలము మాత్రమే పట్టును. 1948లో అమెరికా కొలంబియా కంపెనీ వారు నిమిషమునకు ముప్పదిమూడున్నొక మూడవ వంతు చుట్లు తిరుగు వినైల్ ప్లేటును విడుదల చేయుటతో ప్రక్కకు ఇరువది నిమిషములకు పైబడిన అవకాశము లభించెను. యుద్ధానంతరము జర్మనుల టేపు యంత్రములను పరిశీలించి ఇ.ఎం.ఐ. వారు తామును అట్టివానిని నిర్మించిరి. పాడినదానిని కోసి అతికించుటకు, ఒకదానిపై నొకటి పేర్చుటకు వీలు కలిగెను. అయినను ఈ రెండు సౌకర్యముల నిజమైన శక్తిని రాక్ సంగీతకారులు చాలకాలము గ్రహింపలేదు. బీటిల్స్ తమ మొదటి ఆల్బములోని పాటలలో పదింటిని 1963 ఫిబ్రవరి 11వ తేదీన, ఆ ఒక్క దినముననే, రెండవ నంబరు స్టూడియోలో పాడి ముగించిరి. అది కచేరీకి తీసిన ఛాయాచిత్రము వంటి రికార్డు. ఉత్సాహము పొంగిపొరలుచున్నను, నిర్మాణ మనునది అందు వెదకరాదు.

మార్పునకు మొదటి కారణము అలసట. ఊరూర వేలాది బాలికల కేకల నడుమ తమ వాద్యము తమకే వినబడని దురవస్థకు విసిగి, బీటిల్స్ 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున చివరి టిక్కెట్టు కచేరీ చేసి, ఇక వేదిక నెక్కరాదని నిశ్చయించుకొనిరి. అంతకు కొలది నెలల ముందే, రివాల్వర్ ఆల్బము కొరకు, ఆబీ రోడ్డు శాలలో వింత వింత పరీక్షలు మొదలైనవి. జాన్ లెనన్ ఒక పాటలో తన కంఠము పర్వతశిఖరముననుండి దలైలామా చేయు జపమువలె వినబడవలెనని కోరగా, ఇరువదేండ్ల ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఆ కంఠమును హామండు ఆర్గనునకు వాడు తిరుగుడు స్పీకరు గుండ పంపి రికార్డు చేసెను. టేపు ముక్కలను వలయములుగా అతికించి, వేర్వేరు గదులలోని యంత్రములపై నెక్కించి, పనివారు పెన్సిళ్లతో వానిని బిగబట్టి నిలిచియుండగా, ఆ ధ్వనులను పాటలోనికి ఒకమారు పెంచుచు ఒకమారు తగ్గించుచు మిశ్రము చేసిరి. పాటంతయు దాదాపు ఒకే శ్రుతిపై నిలిచియుండును. తంబూరా నాదమునకు అలవడిన మన చెవికి అది ఏమాత్రము క్రొత్తగా తోచదు, పాశ్చాత్య శ్రోతకు మాత్రము భూమి కదలినట్లయ్యెను. గాయకుడు ఒకే పాటను రెండుమార్లు పాడి కంఠమును బలపరచు శ్రమను తప్పించుటకై కెన్ టౌన్‌సెండ్ అను సాంకేతికుడు ఆ దినములలోనే టేపు సహాయమున కంఠమును కృత్రిమముగా ద్విగుణీకరించు ఉపాయమును కల్పించెను. తెల్లకోటు తొడిగికొని పనిచేసిన ఆ ఉద్యోగుల పేర్లు ప్లేటు మీద అచ్చుపడలేదు. కావుననే వారిని ఇచట పేర్కొనుట నా విధిగా భావించుచున్నాను.

తరువాతిది సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బాండ్. 1966 నవంబరు చివర ఆరంభమైన ఆ కృషి 1967 ఏప్రిలు వరకు సాగెను; మొదటి ఆల్బమునకు ఒక దినము చాలినవారు దీనికి ఏడువందల గంటలు వెచ్చించిరని చెప్పుదురు. టేపు యంత్రమున ధ్వనిని విడివిడిగా పట్టు వరుసలు నాలుగు మాత్రమే. నాలుగును నిండిన పిమ్మట వానిని కలిపి రెండవ యంత్రముపై ఒకటి రెండు వరుసలకు దించి, మిగిలిన వానిపై క్రొత్త వాద్యములను చేర్చుకొనవలెను. దించిన కొలది టేపు బుస పెరుగును, ఒకమారు కలిపినదానిని మరల విడదీయుటకు వీలులేదు. కావున ఏది ముందు, ఏది వెనుక, ఏది బిగ్గరగా, ఏది మెల్లగా అను నిర్ణయములు అప్పటికప్పుడు, పశ్చాత్తాపమునకు తావులేకుండ, జరిగిపోవలసియుండెను. ఈ కాలమున వందల వరుసలు గల యంత్రములయందు నిర్ణయములన్నియు చివరి గడియ వరకు వాయిదా పడుచుండుటను చూచునపుడు, ఆ నాలుగు వరుసల దారిద్ర్యమే వారి రచనకు బిగువు నిచ్చినదని నాకు తోచును.

ఇందులకు పరమోదాహరణము ఆల్బమునకు చివరి పాటయగు ఎ డే ఇన్ ద లైఫ్. లెనన్ రచించిన భాగమునకును మెకార్ట్నీ రచించిన భాగమునకును నడుమ ఇరువదినాలుగు బారుల ఖాళీ మిగిలెను. దానిని నింపుటకై ప్రొడ్యూసరు జార్జ్ మార్టిన్ నలువదిమంది సింఫనీ వాద్యగాండ్రను 1967 ఫిబ్రవరి 10న పెద్ద శాలకు రప్పించి, ఎవరి వాద్యమున వారు అత్యంత మంద్రస్వరమున నారంభించి, ప్రక్కవానిని అనుకరింపక, ఇరువదినాలుగు బారులు ముగియు సరికి అత్యంత తారస్వరమునకు చేరవలెనని ఆదేశించెను. జీవితమంతయు ఒకరితో నొకరు ఏకీభవించి వాయించుట యందే గడపిన ఆ విద్వాంసులకు అంతకన్న విపరీతమైన ఆజ్ఞ ఉండబోదు. దానిని నాలుగుమార్లు రికార్డు చేసి ఒకదానిపై నొకటి పేర్చిరి. ఇందుకై రెండు యంత్రములను ఒకే వేగమున నడపవలసి రాగా, ఆ ఉపాయమును గూడ టౌన్‌సెండే కల్పించెను. ఆ మహాధ్వని పాట తుదిని మరల వచ్చి శిఖరము నందుకొన్న పిమ్మట, క్షణమాత్ర నిశ్శబ్దము. అటుపై మూడు పియానోల మీద పలువురు ఒక్కసారి మోదిన ఇ మేజరు స్వరసంపుటి. అది క్రమముగా క్షీణించుచుండగా ఎమెరిక్ మైకుల శక్తిని పెంచుచు పోయెను. అందుచే ఆ ధ్వని నలువది క్షణములకు పైగా నిలిచి, కుర్చీ కిర్రుమనుట గూడ వినబడు నంత సున్నితమై లయించును. నా ఎరుకలో రాక్ సంగీతమున ఇంతటి ముగింపు వేరొకటి లేదు.

ఈ ఆల్బము రెండవ ప్రక్కకు మొదటి పాట మన దేశపు సంగీతము. జార్జ్ హారిసన్ 1966 శరత్కాలమున బొంబాయికి వచ్చి పండిత రవిశంకర్ వద్ద సితారు శిక్షణ పొందెను. మరుసటి మార్చిలో లండన్ నగరవాసులగు భారతీయ వాద్యగాండ్రను రప్పించి, దిల్‌రుబా, తబలా, తంబూరా, స్వరమండలములతో విథిన్ యూ వితౌట్ యూ అను పాటను రికార్డు చేసెను. అందలి స్వరస్థానములు హిందూస్థానీవారి ఖమాజ్ థాటునకు, మన హరికాంభోజికి చెందినవి. నడుమనున్న వాద్యభాగము ఐదక్షరముల గతిన నడచును. దానిపై మార్టిన్ ఎనిమిది వయొలిన్లను, మూడు చెల్లోలను చేర్చి, దిల్‌రుబా గమకములను అనుసరింపుడని ఆ వాద్యగాండ్రను నిర్బంధించెను. గమకము అలవాటులేని చేతులతో వారు చేసిన ఆ ప్రయత్నమును వినునపుడు నాకు ఆదరము కలుగును. అది పూర్తిగా మనది గాదు, వారిదియు గాదు, అయినను అందు కపట మెంతమాత్రమును లేదు. యోగానందుని ఆత్మకథను తెలుగున చదివినవారికి పరిచితులైన మహావతార బాబాజీ, లాహిరీ మహాశయుడు, శ్రీయుక్తేశ్వరులు, యోగానందుడు హారిసన్ కోరికపై ఆ అట్టమీది జనసమూహమున దర్శనమిత్తురు. గాంధీ మహాత్ముని ప్రతిమను గూడ మొదట నిలిపిరి గాని, భారతదేశమున ఆక్షేపణ కలుగునని శంకించి సంస్థాధ్యక్షుడు సర్ జోసెఫ్ లాక్‌వుడ్ తీసివేయించెను.

ఇంత ప్రశంసించియు ఒక మాట చెప్పక తప్పదు. పెప్పర్ యొక్క ఏకత్వము ధ్వనికి సంబంధించినది, వస్తువునకు సంబంధించినది కాదు. కల్పిత వాద్యబృందమొకటి కచేరీ చేయుచున్నదను ఊహ మొదటి రెండు పాటల పిమ్మట మరుగున పడి, చివర పల్లవి పునరుక్తమైనపుడు మాత్రమే మరల తలయెత్తును. సంధులు మాత్రము అపూర్వములు: పాట చివర కూయు కోడి స్వరము తరువాతి పాట మొదటి గిటారు స్వరముగా మారిపోవు చోటును ఎన్నిమార్లు విన్నను నాకు తనివి తీరదు. సంధులను కూర్చుట నేర్చినవారు వీరు. వస్తువును గూడ ఒక్కటిగా కూర్చినవారు ఆ దినములలో ప్రక్కగదిలోనే ఉండిరి.

1967 వసంతమున, బీటిల్స్ రెండవ స్టూడియోలో నుండగా, మూడవ స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ అను కేంబ్రిడ్జి, లండన్ యువకుల బృందము తమ మొదటి ఆల్బమును రికార్డు చేయుచుండెను. వారి ప్రొడ్యూసరు నార్మన్ స్మిత్ అంతకు కొంతకాలము ముందు వరకు బీటిల్స్ ఇంజనీరు. బృందనాయకుడు సిడ్ బారెట్ పిల్లల కథలలోని విస్మయమును గిటారు మీదికి తెచ్చిన ప్రతిభాశాలి. ఒక సంవత్సరము తిరుగునంతలో మాదకద్రవ్యముల వలనను మనోవ్యాధి వలనను వేదికపై నిలువలేని స్థితికి వచ్చి, 1968లో బృందమునుండి తొలగెను. అతని స్థానమున బాల్యమిత్రుడు డేవిడ్ గిల్మర్ వచ్చెను. మిగిలిన రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ ఆ మిత్రుని పతనమును కన్నులార చూచినవారు. వారి తరువాతి రచనలకు ఆ శోకమే మూలకందము.

ఈ మధ్యకాలమున బీటిల్స్ ఆ వీధి పేరనే ఒక ఆల్బమును 1969 సెప్టెంబరులో వెలువరించిరి. దాని అట్టమీది బొమ్మ కొరకు ఆగస్టు 8న ఛాయాగ్రాహకుడు ఇయాన్ మెక్‌మిలన్ వీధినడుమ నిచ్చెన వేసికొని, నలుగురును చారల దారిమీద వీధిని దాటుచుండగా ఆరు చిత్రములు తీసెను. రెండవ ప్రక్కన అసంపూర్ణములైన పాటల నన్నింటిని గుదిగ్రుచ్చి పదునారు నిమిషములు నడపిన కూర్పు, విడిపోవుటకు సిద్ధముగా నున్న మిత్రులు కలిసి చేసిన తుదిపని యగుటచే, నాకు మిగుల ప్రియమైనది. విచారించి చూడగా అందలి ముక్కలు ఒక్కటియు స్వయముగా గొప్పది గాదు, కూర్పే గొప్పది. ఈ ఆల్బము కీర్తివలననే ఆ స్టూడియోకు ఆబీ రోడ్డు అను పేరు స్థిరపడెను.

ఆ ఆల్బమునకు సహాయకుడుగా పనిచేసిన యువకు డొకడు, అలన్ పార్సన్స్ అనువాడు, 1972లో పింక్ ఫ్లాయిడ్ వారికి ప్రధాన ఇంజనీరయ్యెను. వారి ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ అను ఆల్బము నిర్మాణమునకు విపరీతమైన క్రమము కలదు. పెప్పర్ వేదికను విడిచినవారి కృతి; ఇది వేదికపై పండిన కృతి. 1972 జనవరిలో బ్రైటన్ నగరమున మొదటిమారు వాయింపబోయి, యంత్రలోపము వలన నడుమ ఆగిపోయినను, ఆ యేడంతయు ఊరూర వాయించి సానపట్టి, అందుతోబాటు జూను మొదలుకొని ఆబీ రోడ్డున విడతలు విడతలుగా రికార్డు చేసిరి. 1973 మార్చిలో విడుదలయ్యెను. వాటర్స్ రచించిన సాహిత్యమంతయు ఒకే ప్రశ్న చుట్టును తిరుగును: మనుష్యుని మతి చలింపజేయునవి యేవి? కాలము, ధనము, ప్రయాణభయము, మృత్యువు, పరస్పర వైరము ఒక్కొక్కటియు ఒక్కొక్క పాటయై, చివర ఉన్మాదమునకు చేరును. చంద్రునికిని మనస్సునకును సంబంధము చెప్పిన సంప్రదాయమున పుట్టిన మనకు ఈ నామకరణమునకు వ్యాఖ్యాన మక్కరలేదు.

ఆరంభము హృదయస్పందనము, మేసన్ వాయించిన డ్రమ్ముధ్వనినే మార్చి దానిని కల్పించిరి. అంతమును అదే. ఈ రెండు స్పందనముల నడుమ రెండు ప్రక్కలును ఎడము లేకుండ సాగును. కాలమును గూర్చిన పాటకు ముందు ఒక్కసారి పగులు గడియారముల గంటలను, పార్సన్స్ వేరొక ప్రయోజనముకొరకు, పాత గడియారముల దుకాణమునకు పోయి ఒక్కొక్కదానిని విడివిడిగా రికార్డు చేసి తెచ్చియుండెను. ధనమును గూర్చిన పాటకు నాణెముల గలగల, చించిన కాగితము, దుకాణపు గల్లాపెట్టె చప్పుడు మొదలగువానిని టేపు మీద రికార్డు చేసి, స్కేలుతో కొలిచి, సమానమైన ఏడు ముక్కలుగా కోసి, వలయముగా అతికించిరి. ఆ వలయమే పాటకు తాళము. ఆవృత్తమునకు ఏడు దెబ్బలు; మిశ్రచాపు వేసి పెరిగిన తెలుగు శ్రోత చేయి దానంతట అదియే లేచును. గిల్మర్ గిటారు విజృంభించు చోట మాత్రము గతి నాలుగునకు మారి, మరల ఏడునకు వచ్చును. ఆ మార్పు చోట ఊపిరి పీల్చుకొన్నట్లుండును.

నాకు ఈ ఆల్బమున శిరోభూషణమని తోచునది మొదటి ప్రక్క చివరనున్న ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై. రైట్ పియానో మీద కల్పించిన గంభీరమైన స్వరక్రమమునకు సాహిత్యము లేదు. 1973 జనవరిలో ఒక ఆదివారమున క్లేర్ టోరీ అను ఇరువదియైదేండ్ల గాయనిని రప్పించి, మృత్యువును భావించుచు పాడవలెను, మాటలు మాత్రము కూడదు అనిరి. ఆమె తన కంఠమును వాద్యముగా ఎంచుకొని, మొదట ఆక్రోశించి, పిదప సొమ్మసిల్లి, తుదకు శాంతించి, రెండు మూడు మార్లు ఆలాపన చేసి, తాను విఫలమైతినని తలంచి, 30 పౌండ్లు పుచ్చుకొని వెడలిపోయెను. తన గాన మందు చేరినదని ఆమెకు తరువాత దుకాణమున ప్లేటును చూచినపుడు గాని తెలియలేదు. ముప్పదియేండ్లకు న్యాయస్థానమున దావా వేయగా, 2005లో రాజీ కుదిరి, రైట్‌తోబాటు ఆమె పేరును రచయిత్రిగా చేర్చిరి. సాహిత్యము లేకుండ రాగమే రసమును పోషింపగలదని శతాబ్దములుగా నమ్మిన మనవంటివారు ఆమె హక్కును గూర్చి మొదటిదినముననే తీర్పు చెప్పియుందురు. ఆలాపన చేసినది ఆమె; ఆ సంగీతము ఆమెది కాకున్న మరెవ్వరిది?

ఇచట ప్లేటును త్రిప్పవలెను. మృత్యువు పాట ముగిసి, సూది నెత్తి, ప్లేటును వెనుకకు త్రిప్పి మరల పెట్టగానే నాణెములు గలగలలాడును. చావు ఇంట శోకము తీరకమునుపే ఆస్తి మాటలు వినవచ్చుట లోకమున అందరును చూచినదే. ఈ ఆశ్వాసభేదము యాదృచ్ఛికమని ఎవరైన అన్నచో నేను అంగీకరింపను. నేను ఈ ఆల్బమును మొదట విన్నది కళాశాల వసతిగృహమున, ఒక మిత్రుని కాసెట్టు మీద, అదియు నకలుకు నకలు. పాటల వరుస తారుమారై, నడుమ వేరొకరి పాట చొరబడియుండెను. అప్పుడు పాటలు నచ్చినవి గాని ప్రబంధము తెలియలేదు. చాలయేండ్లకు ప్లేటు చేతికి వచ్చి, దీపమార్పి, రెండు ప్రక్కలును ఆపక విన్న రాత్రి, పాటల నడుమ వినబడు మాటలకు గూడ అర్థము స్ఫురించెను. వాటర్స్ ప్రశ్నలు వ్రాసిన చీట్లను స్టూడియోలో ఎదురైనవారికెల్ల చూపి, వారి సమాధానములను రికార్డు చేసెను. వేరొక గదిలోనున్న పాల్ మెకార్ట్నీ దంపతులను గూడ అడిగిరి గాని, వారు ఆచితూచి చెప్పిన సమాధానములు పనికిరాలేదు. స్టూడియో ద్వారపాలకుడగు జెరీ ఓడ్రిస్కల్ నవ్వుచు తడుముకొనక చెప్పిన మాటకు ఆల్బముయొక్క చిట్టచివరి స్థానము దక్కెను. లోకప్రసిద్ధుడైన గాయకుని మాటను ప్రక్కనబెట్టి, తలుపుకాడి మనిషి మాటతో గ్రంథమును ముగించిన ఆ వివేకము నాకు పూజనీయము.

ఈ ఆల్బము అమెరికా అమ్మకపు పట్టికలో 1973 మొదలు 1988 వరకు ఏడువందల వారములకు పైగా నిలిచెను. పట్టకముగుండ తెల్లని కిరణము రంగులుగా విడివడు దాని అట్టను, పాట విననివారు సైతము చొక్కాలమీద ధరించుచున్నారు. ఆ రంగులను లెక్కించినచో ఆరే యుండును, నీలిమందు రంగు లేదు. చిత్రించిన జార్జ్ హార్డీ, రూపకల్పన చేసిన హిప్నోసిస్ సంస్థవారు దానిని ఉద్దేశపూర్వకముగనే విడిచిరి.

అంతటి విజయము పిమ్మట ఆ నలుగురికి ఏమి చేయవలెనో తోచలేదు. 1975 జనవరిలో మరల ఆబీ రోడ్డునకు వచ్చి, పలు దినములు వ్యర్థముగా గడపిరి. గిల్మర్ గిటారు మీద అనాలోచితముగా పలికిన నాలుగు స్వరములు వాటర్స్ మనస్సున బారెట్ స్మృతిని రేపగా, తొమ్మిది భాగముల షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్ అను దీర్ఘరచన పుట్టెను. దానిని రెండుగా విడదీసి, విష్ యూ వర్ హియర్ అను ఆల్బమునకు ఆద్యంతముల నిలిపిరి. మొదటి నిమిషములలో వినబడు మంద్రనాదమున, గాజు పానపాత్రలలో నీటిని తగుపాళ్లలో పోసి, తడివ్రేలితో అంచులను రుద్ది పలికించిన ధ్వనులును కలిసియున్నవి. మన జలతరంగ విద్వాంసుడు పుల్లలతో మీటునదే అచట వ్రేలితో మ్రోగినది. జూను 5న వారు ఈ రచనను మిశ్రము చేయుచుండగా, స్థూలకాయుడై, తలయు కనుబొమ్మలును గొరిగించుకొన్న వ్యక్తి యొకడు గదిలో తిరుగాడుచుండెను. ఎవ్వరును పోల్చుకొనలేదు. కొంతసేపటికి గాని అతడు బారెట్ అని తెలియరాలేదు. తెలిసినపుడు వాటర్స్ కన్నీరు పెట్టుకొనెను. తన్ను గూర్చిన పాటను అతడు విని, ప్రత్యేకమైన భావమేమియు ప్రకటింపక వెడలిపోయెను.

డార్క్ సైడ్ పరిపూర్ణమైన రచన యనుటలో సందేహము లేదు. అయినను హృదయమునకు దగ్గరగా నిలుపుకొనుమన్నచో నేను ఈ రెండవదానినే ఎన్నుకొందును. మొదటిది మానవజాతిని గూర్చి పలుకును, రెండవది ఒక్క స్నేహితుని గూర్చి. అందలి సంధి యొకటి ఈ ఇంటి విద్య కంతకును పరాకాష్ఠ: సంగీతవ్యాపారులను నిందించు పాట నిండుగా మ్రోగుచుండగా, ధ్వని హఠాత్తుగా కుంచించుకొని చిన్న రేడియో పెట్టెలోనిదైపోవును, ఎవరో మీటను త్రిప్పుదురు, చైకోవ్‌స్కీ నాలుగవ సింఫనీ తునక క్షణకాలము మెరయును, పిమ్మట ఆ రేడియోలోనే గిటారు వినబడును, దానిని గదిలో కూర్చున్న మరియొకడు తన గిటారుతో అనుసరించును. లేనివాడొకడు, ఉన్నవాడొకడు. ఆ శీర్షికాగీతమునకు వయొలిన్ వాయింప వచ్చినది స్తెఫాన్ గ్రప్పెల్లి. ఆయన ఆ దినమున మెనూహిన్‌తో కలిసి మరియొక శాలలో రికార్డు చేయుచుండెను. ఎల్గార్ ఎదుట వాయించిన బాలుడు ఏబదితొమ్మిదేండ్లవాడై ఆ ఇంటనే ఉండెను. గ్రప్పెల్లి వాయించినది చివరి మిశ్రమమున దాదాపు వినరానంతగా అణగిపోయినది. 2011లో వెలువడిన విస్తృత ప్రతిలో గాని అది స్పష్టముగా బయటపడలేదు.

ఆబీ రోడ్డు వారి నియమనిష్ఠలు పొసగని బృందములును ఆ కాలమున ఉండెను. 1970 చివర లెడ్ జెప్పెలిన్ వారు తెల్లకోట్ల ఇంజనీర్లను, కొలిచి కట్టిన గోడలను కాదని, హేంప్‌షైర్ సీమలో పూర్వము బీదలకై కట్టిన హెడ్లీ గ్రేంజ్ అను పాతభవనమును అద్దెకు దీసికొని, రోలింగ్ స్టోన్స్ వారి లారీ స్టూడియోను ఆరుబయట నిలుపుకొనిరి. అచటి మెట్లదారి క్రింద జాన్ బోనమ్ డ్రమ్ములను అమర్చి, పై అంతస్తునుండి రెండు మైకులను వ్రేలాడదీసి ఇంజనీరు ఆండీ జాన్స్ పట్టిన ధ్వని యెట్టిదో, దానిని అటుపిమ్మట ఎందరు తస్కరించిరో, వచ్చు ప్రకరణమున వివరింతును.

(సశేషము)